పతకం ఇచ్చారు, ప్యాకెట్ కూడా ఇవ్వండి

గౌరవనీయులైన ప్రధానమంత్రి గారికి, కేంద్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి, పద్మ పురస్కారాల కమిటీ పెద్దలకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రులకు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

2023 గణతంత్ర దినోత్సవం ముందు రోజు వెలువడిన జాబితాలో పద్మ విభూషణ్ ఆరుగురికి ప్రకటించారు. వారిలో ఒకరు డాక్టర్ దిలీప్ మహలనబీస్. పేరు పక్కనే 'మరణానంతరం' అని ఉంది. ఆయన 2022 అక్టోబరు 16న కోల్‌కతాలో కన్నుమూశారు. ఓఆర్ఎస్ నీళ్లతో ఆయన వేల ప్రాణాలు నిలబెట్టింది 1971లో. దేశం ఆయన్ను తలుచుకోవడానికి 51 ఏళ్లు పట్టింది. తలుచుకునేసరికి ఆయన లేరు.

అయినా ఆ పురస్కారం ఇచ్చినందుకు ముందుగా మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. నేను ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. తొలకరి పడిందంటే మా వార్డు నిండిపోయేది. మంచానికి ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు పిల్లలు. వాళ్లలో ఎక్కువమందిని లేపి ఇంటికి పంపింది ఆయన దారి చూపిన ఆ నీళ్లే. ఆ రుణం ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన చేసిన పని మీ ఫైళ్లలో రెండు వాక్యాల్లో ఉండి ఉంటుంది. ఇక్కడ కొంచెం విడమరిచి చెప్పనివ్వండి. నేను అడగబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది ప్రాణాలు అరచేత పట్టుకుని పశ్చిమ బెంగాల్‌లోకి వచ్చారు. వానలు, బురద, కిక్కిరిసిన శిబిరాలు. కలరా అంటుకుంది. సరిహద్దు ఊరైన బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులకు ఉన్నవి రెండు గదులు, 16 మంచాలు. మిగతావాళ్లంతా నేల మీదే. కలరా పట్టిన మనిషి ఒంట్లో నీరు గంటల వ్యవధిలో లీటర్ల కొద్దీ బయటికి పోతుంది. అప్పటికి అందరికీ తెలిసిన వైద్యం నరానికి సెలైన్ ఎక్కించడం. సీసాలు చాలడం లేదు. ఎక్కించడం వచ్చిన మనుషులు మహలనబీస్ బృందంలో ఇద్దరే. అక్కడికి వెళ్లిన రెండు రోజుల్లోనే ఓడిపోతున్నామని అర్థమైందని ఆయన తర్వాత చెప్పుకున్నారు.

నోటితో తాగించే నీళ్ల సంగతి అప్పటికే శాస్త్రానికి తెలుసు. గ్లూకోజ్ తోడుంటే పేగు ఉప్పును లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీరూ వెళుతుంది. కలరా విషం పేగును ఎంత పాడుచేసినా ఈ ఒక్క దారి మూసుకుపోదు. 1953లోనే కోల్‌కతా డాక్టర్ హేమేంద్రనాథ్ చటర్జీ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లతో కలరా రోగులకు వైద్యం చేసి లాన్సెట్ పత్రికలో రాశారు. 1968లో ఢాకాలో డేవిడ్ నలిన్, రిచర్డ్ క్యాష్ పక్కాగా నిరూపించారు. అయితే అవన్నీ ఆసుపత్రి వార్డుల్లో, డాక్టర్లు పక్కన నిలబడి కొలతలు చూసుకుంటూ చేసినవి. బురదలో, చదువురాని బంధువుల చేత తాగించి మనుషుల్ని బతికించవచ్చంటే వైద్యలోకంలో నమ్మినవాళ్లు తక్కువ.

మహలనబీస్ నమ్మారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా. కోల్‌కతాలో తాను పనిచేసే పరిశోధన కేంద్రంలోనే తూకం వేయించి, ప్లాస్టిక్ సంచుల్లో పోయించి, వేడి ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి బన్‌గావ్‌కు చేర్చారు. అక్కడ డ్రమ్ముల్లో కలిపి, కుళాయిలు బిగించి, వాటిని 'ఓరల్ సెలైన్' అన్నారు. తల్లులు, అన్నదమ్ములు, పక్కన పడుకున్న రోగి తాలూకు మనుషులు గ్లాసులు పట్టుకెళ్లి తాగించారు. కొన్ని వారాల్లోనే 3,700 మందికి పైగా ఆ నీళ్లు తాగారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా పోతున్నచోట, మరణాలు నూటికి నలుగురికి లోపే ఆగాయి.

ఈ పని గురించి ఆయన రాసిన వ్యాసం 1973లో గానీ అచ్చుకాలేదు. శిబిరాన్ని కళ్లారా చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధికారి డాక్టర్ ధీమన్ బారువా పట్టుబట్టి దాన్ని దేశదేశాలకూ తీసుకెళ్లారు. 1978లో లాన్సెట్ సంపాదకీయం ఇది ఆ శతాబ్దంలోనే అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని రాసింది. ఇప్పటికి 5 కోట్లకు పైగా ప్రాణాలు నిలిచాయని అంచనా.

అంకె పెద్దదైనకొద్దీ మనిషి కనపడకుండా పోతాడు. అందుకే ఒక్క బిడ్డను చూపిస్తాను. ఏడాదిన్నర పిల్ల. రాత్రంతా వాంతులు, విరేచనాలు. కళ్లు గుంటలు పడ్డాయి, నాలుక పిడచకట్టుకుపోయింది, ఏడుస్తుంది గానీ కన్నీళ్లు రావు. పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే ముడత తాపీగా సర్దుకుంటుంది. తల్లి ఒకటే మాట: "సిస్టరమ్మా, సెలైన్ ఎక్కించండమ్మా." స్పృహ తప్పిన బిడ్డకు, తాగలేని బిడ్డకు సెలైనే దిక్కు, అందులో అనుమానం లేదు. ఈ పిల్ల తాగుతుంది. తల్లి చేతికి చెంచా ఇచ్చి, నిమిషానికో చెంచా పట్టమంటాం. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకాస్త నిదానంగా మళ్లీ మొదలుపెట్టమంటాం. మొదటి గంటలో ఏమీ మారదు, తల్లికి మన మీద కోపం వస్తుంది. రెండో గంట దాటాక పిల్ల గ్లాసు వైపు తనే చెయ్యి చాస్తుంది. మధ్యాహ్నానికి లంగోటా తడుస్తుంది. మూత్రం వచ్చిందంటే గండం గడిచినట్టే. ఆ తడిగుడ్డ పట్టుకుని నవ్విన తల్లుల్ని ఎందరినో చూశాను. ఇంతటి పని చేసిన మందు ఖరీదు కొద్ది రూపాయలు, వేసిన చెయ్యి తల్లిదే.

ఇప్పుడు గౌరవం సంగతికి వస్తాను. స్వీడన్ రాజ విజ్ఞాన అకాడమీ 1994లో మహలనబీస్‌ను విదేశీ సభ్యుడిగా ఎన్నుకుంది. 2002లో అమెరికాలో పోలిన్ బహుమతిని, 2006లో థాయ్‌లాండ్ యువరాజు మహిడోల్ పురస్కారాన్ని ఈ పనిలో పాలుపంచుకున్న ఇతర శాస్త్రవేత్తలతో కలిసి అందుకున్నారు. ఆ ఏళ్లన్నీ ఆయన మన మధ్యే ఉన్నారు. ఏటా పద్మ జాబితాలు వస్తూనే ఉన్నాయి. ఎక్కువలో ఎక్కువ 120 మందికి ఇవ్వవచ్చని మీ నిబంధన. ఆ 120లో ఆయనకు చోటు దొరకలేదు.

కారణం ద్వేషమో చిన్నచూపో అని నేననుకోను. ఓఆర్ఎస్‌కు ఆయన పేటెంట్ తీసుకోలేదు. ఉప్పు, గ్లూకోజ్ కలిపిన పొడి మీద లాభాల కోట కట్టుకున్న కంపెనీ ఏదీ ఆయన వెనక లేదు. ఆయన పేరు రాసి పంపి, ఫైలు వెంట తిరిగే మనిషి లేడు. దరఖాస్తు వస్తేనే పరిశీలిస్తామని మీరు కూర్చుంటే ఇలాంటివాళ్లు ఎప్పటికీ రారు.

త్వరగా గుర్తించడం మీకు చేతకాని పనేమీ కాదు. హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్ 2021 జనవరిలో జనానికి వేయడం మొదలైంది. ఏడాది తిరిగేసరికి డాక్టర్ కృష్ణ ఎల్లా, సుచిత్ర ఎల్లా దంపతులకు పద్మభూషణ్ ప్రకటించారు. తెలుగువాళ్లంగా మేమంతా సంతోషించాం. ఏడాదిలో అయ్యే పనికి మరొకరి విషయంలో 51 ఏళ్లు ఎందుకు పట్టిందని మాత్రమే అడుగుతున్నాను.

మహలనబీస్‌కు చివర్లోనైనా దక్కింది. శంభునాథ్ డేకి అదీ లేదు. కలరా క్రిమి ఒక విషాన్ని విడుదల చేస్తుందని 1884లో రాబర్ట్ కాక్ ఊహించారు గానీ, 75 ఏళ్ల పాటు ఎవరూ చూపించలేకపోయారు. 1959లో కోల్‌కతాలో శంభునాథ్ డే కుందేలు పేగుతో చేసిన ప్రయోగంలో, క్రిములన్నీ వడకట్టేసిన ద్రవం కూడా పేగులో నీరు ఊరేలా చేస్తుందని చూపించారు. విషం ఉందని తేలిపోయింది. ఆ పరిశోధన నేచర్ పత్రికలో వచ్చింది. నోబెల్ గ్రహీత జాషువా లెడర్‌బర్గ్ ఆయన పేరును నోబెల్‌కు ప్రతిపాదించారు. 1978లో కలరా మీద జరిగిన నోబెల్ సదస్సుకు ఆయన్ను పిలిచారు. స్వదేశంలో మాత్రం ఒక్క విజ్ఞాన అకాడమీ కూడా ఆయన్ను ఫెలోగా ఎన్నుకోలేదు. 1985లో పోయారు. ఈ సంగతి చదివిన రోజున నాకు అన్నం సహించలేదు. కలరా రోగి ఒంటి నుంచి నీరెందుకు పోతుందో చెప్పినవాడు ఆయన. పోయిన నీటిని పేదవాడి ఒంట్లోకి తిరిగి ఎలా ఎక్కించాలో చేసి చూపినవాడు మహలనబీస్. ఇద్దరూ పనిచేసింది ఒకే ఊళ్లో.

మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏటీపీ, ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ దాకా ఆయన చెయ్యి ఉంది. 1948లో న్యూయార్క్‌లో పోయిన ఆయనకు 1995లో, శతజయంతి ఏట, దేశం ఒక తపాలా బిళ్ల వేసింది.

వీళ్లకు ఇప్పుడు పద్మం ఇవ్వాలన్నా మీ నిబంధన అడ్డొస్తుంది. మామూలుగా మరణానంతరం ఇవ్వకూడదు. ఇచ్చినా, ప్రకటించే గణతంత్ర దినానికి ముందు సుమారు ఏడాది లోపు పోయినవాళ్లకే ఇవ్వాలి. మహలనబీస్ మూడు నెలల ముందు పోయారు కాబట్టి ఆ లెక్కలో ఇమిడారు. అంతకు ఏడాది ముందు పోయి ఉంటే ఆయన పేరూ డే పేరు పక్కనే ఉండిపోయేది. భారతరత్నకు ఇలాంటి గడువేమీ లేదు. పీవీ నరసింహారావు గారికి పోయిన దాదాపు 20 ఏళ్లకు, 2024లో ఇచ్చారు. శాస్త్రవేత్తల్లో రామన్, కలాం, సీఎన్ఆర్ రావు, స్వామినాథన్ దాన్ని అందుకున్నారు. వైద్య పరిశోధనకు గాను మాత్రం ఇంతవరకు ఒక్కరికీ రాలేదు. డేకి, సుబ్బారావు గారికి ఇచ్చే విషయం ఆలోచించమని కోరుతున్నాను. అంతకంటే గట్టిగా కోరేది ఒకటుంది. మారుమూల కాలేజీల్లో, జిల్లా ఆసుపత్రుల్లో, లాభం రాని మందుల మీద పనిచేస్తున్న వాళ్లను వెతికి పట్టుకునే బాధ్యత కమిటీ తనంతట తాను తీసుకోవాలి. ఏటా అలాంటి నలుగురైనా, బతికుండగా, జాబితాలో కనపడాలి.

ఇంతవరకు పతకం మాట. అసలు నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టింది ప్యాకెట్.

రిటైరయ్యాక ఒకసారి మా వీధి మందుల షాపులో నిలబడి ఉన్నాను. చంకలో పిల్లాడితో ఒకామె వచ్చి, మోషన్స్ అవుతున్నాయి, ఓఆర్ఎస్ ఇవ్వమంది. కుర్రాడు ఫ్రిజ్‌లోంచి ఒక డబ్బా తీసి ఇచ్చాడు. రంగురంగుల పండ్ల బొమ్మలు, పైన పెద్దక్షరాల్లో ఆ మూడు అక్షరాలు. వెనక చూస్తే చక్కెర నీళ్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉండాలి. ఆ కొలత అలా ఉంటేనే పేగు నీటిని లోపలికి తీసుకుంటుంది. చక్కెర అంతకు ఎన్నో రెట్లు పెరిగి ఉప్పు తగ్గితే, అదే పేగు ఒంట్లోని నీటిని బయటికి లాగుతుంది. విరేచనాలు ఎక్కువవుతాయి. కొద్ది రూపాయల్లో అయిపోయే చోట అంతకు కొన్ని రెట్లు పెట్టి, బిడ్డకు జబ్బు పెంచే నీళ్లు కొనుక్కుని వెళ్లబోతున్న తల్లిని ఆపి, పొడి ప్యాకెట్ ఇప్పించాను. నేను లేని షాపుల సంగతేమిటి?

ఈ మోసం మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్ల పాటు పోరాడారు. అధికారులకు ఉత్తరాలు రాశారు, హైకోర్టులో వ్యాజ్యం వేశారు, ఎదురుదెబ్బలు తిన్నారు. మధ్యలో మీ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని 2022లో చెప్పి, కొన్ని నెలలకే ఒక హెచ్చరిక వాక్యం వేసి వాడుకోవచ్చని సడలించింది. చదవడం రాని తల్లికి ఆ చిన్నక్షరాల వాక్యం ఏం ఉపయోగం? చివరికి 2025 అక్టోబరు 14న ఆ సడలింపులన్నీ రద్దయ్యాయి. మహలనబీస్‌కు పద్మ విభూషణ్ ప్రకటించిన 2023 జనవరిలోనూ, ఆ తర్వాత రెండున్నరేళ్ల పైనా, ఆయన పెంచి పోషించిన పేరుతో చక్కెర నీళ్లు అమ్ముకోవడానికి మీ ప్రభుత్వ సంస్థే అనుమతి ఇచ్చింది. కోపంతో రాస్తున్న మాట కాదిది, చాలా బాధతో రాస్తున్నాను.

ఇక అసలు ప్యాకెట్ ఎందరికి అందుతోంది? మీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటిది, విరేచనాలు పట్టుకున్న అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 60.6 మందికే ఓఆర్ఎస్ అందిందని చెబుతోంది. దానితో పాటు 14 రోజులు ఇవ్వాల్సిన జింక్ మాత్రలు అందింది 30.5 మందికే. కనిపెట్టి అర్ధ శతాబ్దం దాటినా అప్పటికి ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు పిల్లలకు ఆ గ్లాసు అందలేదు. కర్ణాటక, బిహార్‌లలో రెండువేలకు పైగా వైద్యుల దగ్గర చేసిన ఒక అధ్యయనం 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఓఆర్ఎస్ రాయకపోవడానికి స్టాకు లేకపోవడం, డబ్బాశ కంటే పెద్ద కారణం, 'రోగులకు ఇది నచ్చదు' అని వైద్యులు ముందే అనుకోవడమేనట. ఇది నా అనుభవం కూడా. యాంటీబయోటిక్ రాస్తే పెద్ద వైద్యం, సెలైన్ పెడితే ఇంకా పెద్ద వైద్యం, నీళ్లు తాగమంటే వైద్యమే కాదని జనమూ అనుకుంటారు, డాక్టరూ వాళ్ల ముఖం చూసి అదే రాస్తాడు.

ఈ అపోహ పోగొట్టలేనిదేమీ కాదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి 1990 దాకా ఊరూరా, ఇంటింటికీ ఆడవాళ్లను పంపి ఉప్పు, బెల్లం నీళ్లు కలపడం తల్లులకు నేర్పింది. కోటికి పైగా ఇళ్లు తిరిగారు. నేర్పిన మనిషికి జీతం, కొన్నాళ్ల తర్వాత వెళ్లి అడిగితే తల్లికి ఎంత గుర్తుందన్న దాన్ని బట్టి ఇచ్చారు. పోరులో పుట్టిన ఆ చిన్న దేశం, మన శిబిరాల్లో తమవాళ్లను బతికించిన నీళ్లను అంత పట్టుదలగా సొంతం చేసుకుంది.

మన దగ్గరా ఆశా కార్యకర్తలు ఉన్నారు. వానాకాలానికి ముందు అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి రెండు ప్యాకెట్లు, జింక్ మాత్రలు ఇవ్వాలన్న కార్యక్రమమూ ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. కానీ 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. కలుషితమైన నీళ్లు మొదటి నేరస్థులు, అది వేరే ఉత్తరానికి సరిపడా విషయం. నీళ్లు బాగుపడే లోపు ప్రాణం పోకుండా ఆపాల్సింది మాత్రం ఇంట్లో ఉన్న ప్యాకెట్టే.

అందుకని అడుగుతున్నాను. ప్రభుత్వం పంచే ప్రతి ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద డాక్టర్ దిలీప్ మహలనబీస్ పేరు, బొమ్మ అచ్చువేయించండి. కలిపే పద్ధతి ఆంధ్ర, తెలంగాణల్లో తెలుగులో, పెద్దక్షరాల్లో, బొమ్మలతో ఉండాలి. తల్లులు ప్యాకెట్‌లో సగం పొడి ఒక గ్లాసులో వేసి కలపడం నేను ఎన్నిసార్లు చూశానో. అలా కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో వేయాలని, ఇంట్లో ఉండే లీటరు వాటర్ బాటిల్ బొమ్మ వేసి చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఒకరోజు దాటితే ఆ నీళ్లు పారబోసి కొత్తవి కలుపుకోవాలని కూడా రాయండి.

రాష్ట్ర మంత్రులకు మరో మాట. 2025 అక్టోబరు ఉత్తర్వు ఢిల్లీలో వెలువడింది గానీ, దాన్ని అమలుచేయాల్సింది మన జిల్లా ఆహార భద్రత అధికారులు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు. వచ్చే తొలకరిలోపు ప్రతి మండలంలో మందుల షాపులు, కిరాణా కొట్లు తనిఖీ చేయించి, ఆ పేరుతో ఎన్ని డబ్బాలు ఇంకా అమ్ముతున్నారో జిల్లాలవారీగా పత్రికలకు ఇవ్వండి. అలాగే ఏ జిల్లాలో ఎన్ని ఇళ్లకు రెండు ప్యాకెట్లు నిజంగా చేరాయో, ఆశా కార్యకర్తల చేత కాకుండా వేరేవాళ్ల చేత లెక్క తీయించి చెప్పండి. ఎక్కడ తగ్గితే అక్కడి తల్లుల దగ్గరికి మళ్లీ మనిషిని పంపండి. పిల్లల వార్డుల్లో పనిచేసి రిటైరైన నర్సులం చాలామందిమి ఉన్నాం. పిలిస్తే వస్తాం, కలిపి చూపిస్తాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
ఉత్తరాంధ్ర